ఏడో డిస్కులో ఉన్నది

డిస్కుల గది, మూడో అంతస్తు

బావగారికి మరదలి నమస్కారాలు.

ఇక్కడ ఏసీకి తప్ప అందరికీ ఒంట్లో బాగానే ఉంది. అది మాత్రం ముసలి దగ్గు దగ్గుతోంది. డిస్కులు వేడెక్కుతాయని దాన్ని ఆపరు, నేను చలికోటు వేసుకుని కూర్చుంటున్నాను.

అసలు సంగతికి వస్తాను. బోర్డువాళ్ళు నిన్న సమావేశంలో తేల్చి చెప్పారు. దీవి మీది శబ్ద కేంద్రం ఉండాలంటే ఈ ఏడాది రికార్డు మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా తెగకుండా ఉండాలి. సముద్రం, గాలి, పక్షులు, ఏదైనా సరే, నాలుగు మైకులూ ఒక్క గంట కూడా ఆగకూడదు. మధ్యలో ఖాళీ వస్తే కేంద్రం మూసేస్తారు. మిమ్మల్ని తీసుకొచ్చి ఏదో ఒక ఆఫీసులో కుర్చీ చూపిస్తారు. అక్క పోయాక మూడేళ్ళుగా ఆ కేంద్రాన్ని ఒంటి చేత్తో నడుపుతున్న మనిషి ఆఫీసు కుర్చీలో ఎన్నాళ్ళు కూర్చుంటారో నాకు తెలుసు. మొదటి వారమే గుమాస్తాతో గొడవ.

ఇంతదాకా చిక్కేమీ రాలేదు. నెలనెలా పడవ వస్తోంది, నిండిన డిస్కులు ఇటు, ఖాళీవి అటు. రాబోయేది గాలుల కాలం. నూట పాతిక రోజులు పడవ తిరగదు. అన్నాళ్ళకు సరిపడా డిస్కులు ఒక్కసారే పంపాలి. రోజుకు ఎంత నిండుతోందో, మీ దగ్గర ఖాళీవి ఎన్ని ఉన్నాయో చూసి రాయండి. ఉజ్జాయింపుగా వద్దు.

మీ మరదలు


దీవి, మైకుల గది

లెక్కల మరదలికి,

ఆశీస్సులు. ఉజ్జాయింపు వద్దన్నావు గనక కళ్ళజోడు తుడుచుకుని మరీ చూశాను. రికార్డరు తెర మీద ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను: రోజుకు నలభై ఆరు పాయింట్ మూడు అయిదు జీబీ. వారం రోజులు చూశాను, ఒక్క చుక్క అటూ ఇటూ కాలేదు. సముద్రం నోరు మూసుకున్న రోజూ అంతే, గొంతు చించుకున్న రోజూ అంతే. నిశ్శబ్దానికి కూడా ఇంత చోటు పడుతుందని నాకు ఇక్కడికి వచ్చేదాకా తెలియదు.

ఖాళీ డిస్కులు లేవు. ఒక చిన్నది, పాతది ఉంది, రెండు వందల యాభై జీబీ అని అట్ట మీద రాసి ఉంటుంది. దాన్ని లెక్కలో వేయకు. అది నా సొంతం.

ఆఫీసు కుర్చీ మాట ఎత్తి నన్ను బెదిరించాలని చూస్తున్నావు. బెదిరాను. పొద్దున లేచి తలుపు తీస్తే ఎదురుగా నీళ్ళు లేని చోట నేను బతకలేను. మీ అక్క ఉన్నప్పుడూ అంతే, ఇప్పుడూ అంతే. ఈ ఒక్క ఏడాది గట్టెక్కించు, నీకు పుణ్యం ఉంటుంది.

తలుపు గడియ తుప్పు పట్టి ఊడింది. తాడుతో కట్టాను. దొంగలు వస్తే పక్షులే రావాలి.

మీ బావ


డిస్కుల గది

బావగారికి,

ఈ ఉత్తరంతో పాటు నురగ పెట్టెలో ఆరు కొత్త డిస్కులు వస్తున్నాయి. ఒక్కొక్కటి ఒక టెరాబైటు, అంటే వెయ్యి జీబీ.

లెక్క ఇది. మీ నలభై ఆరు పాయింట్ మూడు అయిదును నూట పాతికతో హెచ్చిస్తే అయిదు వేల ఏడు వందల తొంభై నాలుగు. ఆరు డిస్కుల్లో ఆరు వేలు పడుతుంది. ఇంకా రెండు వందలు మిగులు. అయినా మనసాగక స్టోర్ల గుమాస్తాను ఏడోది అడిగాను. ఆయన పిల్లికి బిచ్చం పెట్టే రకం కాదు. "లెక్క చూపించండి మేడం" అన్నాడు. చూపించాను. "మీ లెక్క ప్రకారమే ఆరు చాలుగా" అన్నాడు. నా లెక్కకు నేనే ఎదురు చెప్పలేక వచ్చేశాను.

మీ చిన్న డిస్కు జోలికి రాలేదు. మీ సొంతం మీకే ఉంచుకోండి. ఒకటి నిండగానే రికార్డరు తనంతట తాను రెండోదానికి మారుతుంది, మీరు తంటాలు పడక్కర్లేదు. గాలి పెరిగాక మైకు స్తంభం ఎక్కకండి. ఎక్కుతారని తెలుసు, అయినా రాస్తున్నాను.

మీ మరదలు


దీవి, పడవల రేవు

మరదలికి,

పడవవాడు తొందరపెడుతున్నాడు, గాలి తిరిగిందట. పెట్టె మీదే కాగితం పెట్టి రాస్తున్నాను. ఇదే ఆఖరి పడవ.

నువ్వు పంపిన డిస్కుల్లో ఒకటి తగిలించి చూశాను. అట్ట మీద ఒక టెరాబైటు అని ఉంది. తెర మీద తొమ్మిది వందల ముప్పై ఒకటి చూపిస్తోంది! ఇంకొకటి తగిలించాను, అదీ అంతే. ఆరూ అంతే! మీ కొట్టువాడు ఒక్కోదాంట్లో అరవై తొమ్మిది జీబీ నొక్కేశాడు. గోనెసంచి బియ్యంలో తరుగు తీసేవాళ్ళను చూశాను గానీ, డిస్కులో తరుగు తీసేవాణ్ణి ఇప్పుడే చూస్తున్నా. వాడి గల్లా పట్టుకుని అడుగు. మరీ నోరు చేసుకోకు, రేపు మళ్ళీ వాడి దగ్గరే కొనాలి.

పడవ కదులుతోంది.

మీ బావ


డిస్కుల గది

బావగారికి,

మీ ఉత్తరం చదివి గదిలో ఒక్కదాన్నే పడీ పడీ నవ్వాను. కొట్టువాడి తప్పు లేదు. అతని గల్లా వదిలేయండి.

నిదానంగా చెబుతాను. యంత్రానికి తెలిసిన అతి చిన్న మాట బిట్టు. అవునో కాదో, అంతే. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైటు. ఇంతవరకు లోకమంతా ఒకే మాట. అక్కడి నుంచి దారులు రెండు. డిస్కు తయారుచేసేవాళ్ళు మనలాగే వెయ్యి చొప్పున మెట్లెక్కుతారు. వెయ్యి బైట్లు కిలోబైటు, వెయ్యి కిలోలు మెగా, వెయ్యి మెగాలు గిగా, అదే మీ జీబీ, వెయ్యి గిగాలు టెరా. మీ రికార్డరు అలా కాదు. అది రెట్టింపులు తప్ప ఎరగదు. రెండు, నాలుగు, ఎనిమిది అంటూ పోతే దానికి వెయ్యి తగలదు, దగ్గర్లో వెయ్యిన్నీ ఇరవై నాలుగు తగులుతుంది. దానికి అదే వెయ్యి. కిలో దగ్గర ఈ తేడా నూటికి రెండున్నర. ఎవరూ పట్టించుకోరు. మెట్టు మెట్టుకూ పెరుగుతూ పోయి జీబీ దగ్గర ఏడు దాటుతుంది, టెరా దగ్గర పదికి చేరుతుంది. డిస్కు ఒకటే, అందులో చోటూ ఒకటే. కొట్టువాడు చిన్న గ్లాసుతో కొలిచి వెయ్యి అన్నాడు, మీ తెర పెద్ద గ్లాసుతో కొలిచి తొమ్మిది వందల ముప్పై ఒకటి అంటోంది. ఇద్దరూ నిజాయితీపరులే.

ఇక్కడిదాకా రాసి కలం ఆపాను బావా.

మీరు పంపిన నలభై ఆరు కూడా ఆ తెర మీద చూసిందే కదా. అది పెద్ద గ్లాసు లెక్క. నేను దాన్ని తీసుకెళ్ళి చిన్న గ్లాసు డిస్కుల్లో పోశాను.

మైకు దగ్గర నుంచి మళ్ళీ వేశాను. శబ్దాన్ని సెకనుకు నలభై ఎనిమిది వేల సార్లు కొలుస్తుంది, ప్రతిసారీ ఇరవై నాలుగు బిట్లు, మైకులు నాలుగు. నలభై ఆరు లక్షల ఎనిమిది వేల బిట్లు. ఎనిమిదితో భాగిస్తే అయిదు లక్షల డెబ్బై ఆరు వేల బైట్లు, ఒక్క సెకనుకు. రోజుకు నలభై తొమ్మిది ముప్పావు జీబీ. మొత్తం కాలానికి ఆరు వేల రెండు వందల ఇరవై పైన. మీ దగ్గర ఉన్నది ఆరు వేలు. చివర్లో నాలుగు రోజులకు పైగా చోటు లేదు. తప్పు నాది. పదిమందికి ఈ లెక్క నేర్పినదాన్ని నేనే.

పడవలు లేవు. గస్తీ పడవవాళ్ళు వీలున్నప్పుడు దీవి వైపు వెళతారట. కవరు తీసుకెళతాం గానీ పెట్టెలు తీసుకోం అన్నారు. కవరులో పట్టే చిన్న మెమరీ కార్డులను మీ పాత రికార్డరు గుర్తించదు. మధ్యలో మైకుల కొలత తగ్గిస్తే ఏడాది రికార్డు చెల్లదు. దారి ఒక్కటే కనిపిస్తోంది. మీ చిన్న డిస్కు. దాన్ని ఖాళీ చేసి ఆఖర్న తగిలించండి. అందులో ఏముందో నాకు తెలియదు. సొంతమైనా సరే, కేంద్రం కంటే ఎక్కువ కాదని అనుకుంటున్నాను. నన్ను క్షమించండి.

మీ మరదలు


దీవి, మైకుల గది

మరదలికి,

నీ ఉత్తరం ఉప్పునీళ్ళలో మునిగి లేచి నా చేతికి వచ్చింది. అక్షరాలు కొన్ని అలుక్కుపోయాయి. అంకెలు మాత్రం నిక్షేపంగా ఉన్నాయి, నీ చేతి మహిమ. గస్తీవాళ్ళు టీ తాగేలోపు జవాబు రాస్తున్నాను.

అంత బెంగపడకు. గ్లాసుల సంగతి నాకు బాగా ఎక్కింది. నా తెరను నేనూ నమ్మాను, నువ్వూ నమ్మావు, సగం సగం పంచుకుందాం. చిన్న డిస్కు ఖాళీ చేసేశాను. మీట నొక్కితే అర నిమిషం కూడా పట్టలేదు. తుడిచే ముందు ఒక పూట కూర్చుని కొంచెం విన్నాను. నాకేం నష్టం లేదు, అందులో ఉన్నది ఎలాగూ నీ దగ్గర ఉన్నదే కదా. ఒకే వస్తువు రెండు చోట్ల దాచుకోవడం లోభితనం.

స్తంభం ఎక్కాను. దిగాను కూడా.

మీ బావ


డిస్కుల గది

బావగారికి,

ఏడు డిస్కులూ చేరాయి. గాలుల కాలం మొత్తం గంట గంటా సరిచూశాను. తెగలేదు. ఏడో డిస్కులో ఇరవై తొమ్మిది జీబీ మిగిలి ఉండగా పడవ వచ్చింది. బోర్డుకు కాగితం పెట్టాను. ఈసారి లెక్క రెండు విధాలా వేసి, పక్క గదివాళ్ళ చేత కూడా వేయించాను. ఇవాళ జవాబు వచ్చింది. కేంద్రం ఉంటుంది. మీరు అక్కడే ఉంటారు. కొత్త రికార్డరు కూడా ఇస్తారట, గుమాస్తా మొహం చూడాలి మీరు.

సంతోషంగా ఉంది. ఇక్కడితో ముగించవచ్చు. కానీ మీ మాట ఒకటి నన్ను వదలడం లేదు. ఆ డిస్కులో ఉన్నది నా దగ్గర ఉన్నదే అన్నారు. ఈ గదిలో ఉన్న ప్రతి ఫైలుకూ పట్టిక ఉంది. రెండుసార్లు వెతికాను. మీ సొంతం అనదగినది ఒక్కటీ లేదు. ఏమిటది బావా?

మీ మరదలు


దీవి, మైకుల గది

మరదలికి,

కేంద్రం నిలబడింది. ఉత్తరం చదివి వెళ్ళి నీళ్ళ దగ్గర కాసేపు నిలబడి వచ్చాను. ఇంతకంటే పెద్ద వేడుక ఇక్కడ లేదు.

ఇంక నీ ప్రశ్న. పరాచికం ఆడుతున్నావా? రోజూ వినేదానివి నువ్వే కదా.

పొద్దున కొత్త ఫైలు మొదలవగానే ఎవరో ఒకరం వరండా మైకు ముందు నిలబడి తేదీ, గాలి, ఆకాశం చెప్పాలి. నిమిషమున్నర దానికి కేటాయించారు. నాకు పది సెకన్లు చాలు. మీ అక్క ఉన్న ఆరేళ్ళూ ఆ పని తనదే, నిమిషమున్నరా వాడుకునేది. తేదీ, గాలి అయ్యాక నీతో మాట్లాడేది. నా మీద చాడీలు, వంట తగలబడిన సంగతి, పక్షి గూట్లో చూసిన వింతలు. "చెల్లి వినకుండా ఏ ఫైలూ లోపలికి పోదు" అనేది. ఇంటికి వచ్చినప్పుడు ఆ మాట ఎత్తొద్దని నాకు గట్టి ఆజ్ఞ. ఎత్తితే నువ్వు జవాబులు మొదలుపెడతావట. ఎదురు చెప్పకుండా చెల్లి వినే చోటు లోకంలో ఇదొక్కటే, దాన్ని పాడుచేయకు అనేది.

ఆ నిమిషమున్నరలు తీసి చిన్న డిస్కులో పెట్టుకుంది. మొత్తం నూట పది జీబీ పైచిలుకు. తను పోయాక అప్పుడప్పుడు వినేవాణ్ణి. తుడవమన్నావు, తుడిచాను. అసలువి నీ దగ్గర భద్రంగా ఉన్నాయని కదా.

ఉన్నాయి కదూ?

మీ బావ


డిస్కుల గది

బావగారికి,

లేవు.

ఎలా చెప్పాలో తెలియక మూడు కాగితాలు చింపేశాను. ఉన్నది ఉన్నట్టు చెబుతాను. ఫైలు ఇక్కడికి రాగానే మొదటి నిమిషమున్నర యంత్రమే కోసేస్తుంది. మనిషి గొంతు ఉంటే శబ్దాల లెక్క పాడవుతుందని నియమం. ఆ నియమం యంత్రంలో పెట్టింది నేనే. కోసిన ముక్క ఎక్కడా ఉండదు. నేను చూసేది ఫైలు ఎంత ఉంది, తెగిందా లేదా అన్నదే. ఇన్ని వేల గంటలు ఎవరూ వినరు బావా. నేను ఒక్క పొద్దునా వినలేదు. అక్క ఆరేళ్ళు మాట్లాడింది, నేను ఆరేళ్ళు కోశాను.

ఇంకో సంగతి దాచాలనిపించింది, దాచను. మైకులు నాలుగు. అక్క మాట్లాడింది ఒకదాని ముందే. మిగతా మూడింట్లో ఉన్నది ఉత్త గాలి. ఆ ఒక్క మైకు ఉంచుకుని మిగతావి తీసేస్తే నూట పదమూడు జీబీ ఇరవై ఎనిమిదిన్నరకు వస్తుంది. చివరికి ఆ డిస్కులో మిగిలిన చోటు ఇరవై తొమ్మిది. అన్నీ పట్టేవి. అందులో ఏముందో మీరు ఒక్క ముక్క రాసినా, నేను ఒక్క ముక్క అడిగినా సరిపోయేది. లెక్క తప్పింది నేను, తుడవమన్నదీ నేను. మిమ్మల్ని అనడానికి నాకు నోరు రావడం లేదు. ఏడవలేదని అబద్ధం కూడా చెప్పను.

తుడవడం అంటే పట్టికలో పేరు కొట్టేయడమే. డిస్కు మీద ఉన్నది, దాని మీద ఇంకొకటి రాసేదాకా అలాగే పడి ఉంటుంది. ఏడో డిస్కులో మిగిలిన ఆ ఇరవై తొమ్మిది జీబీ మీద కొత్తగా ఏమీ రాయలేదు. పాత డిస్కు, ఒక వరుసలో కాకుండా ఎక్కడ చోటుంటే అక్కడ రాసుకుంది. సెలవు పెట్టి కూర్చుని జల్లెడ పట్టాను. చాలావరకు పోయింది. కొన్ని ముక్కలు దొరికాయి. ఒకదాంట్లో తేదీ ఉంది, మాట లేదు. ఒకదాంట్లో "చెల్లీ" అని ఉంది, తరవాత ఏమీ లేదు. ఒక్కటి మాత్రం మొదటి నుంచి చివరిదాకా దొరికింది. విన్నది విన్నట్టు రాస్తున్నాను:

"గాలి నైరుతి నుంచి, ఓ మోస్తరు. ఆకాశం సగం మూసుకుంది. చెల్లీ, మీ బావ నా దువ్వెనతో మైకు మీద ఉప్పు గోకుతున్నాడే. ఇదేం పని అంటే శాస్త్రం కోసం అంటాడు. శాస్త్రానికి నా దువ్వెనే దొరికిందా? నువ్వు అక్కడ కూర్చుని నవ్వుతున్నావని నాకు తెలుసులే. నవ్వు, కానీ నా పక్షాన ఉండు. అమ్మ మోకాలికి ఆ నూనె రాస్తున్నావా? నువ్వు తింటున్నావా వేళకి? సరే, ఇంక సముద్రం."

తరవాత నిజంగానే సముద్రం.

మొదటిసారి నవ్వలేకపోయాను. నాలుగోసారికో అయిదోసారికో నవ్వు వచ్చింది. పక్క గదివాళ్ళు వచ్చి చూసి పోయారు. ఈ ముక్క రెండు కొత్త డిస్కుల్లో పెట్టాను. ఒకటి పడవలో మీకు వస్తోంది.

యంత్రానికి చెప్పాను, ఇక మీదట ఆ నిమిషమున్నర కోసి పారెయ్యదు. ఒక్క మైకుది తీసి పక్కన పెడుతుంది. ఏడాదికి అయిదు జీబీ కూడా కాదు, ఏ గ్లాసుతో కొలిచినా. రోజూ పొద్దున పని మొదలుపెట్టే ముందు నేనే కూర్చుని వింటాను. కాబట్టి మీరు పది సెకన్లలో తేదీ, గాలి చెప్పి వెళ్ళిపోతే కుదరదు. మిగతా ఎనభై సెకన్లూ నిలబడి మాట్లాడండి. అక్క ఏమేం చెప్పేదో మీకు గుర్తున్నంత చెప్పండి. ఎదురు చెప్పను.

దువ్వెన తిరిగి ఇచ్చారా లేదా, ముందు అది చెప్పండి.

మీ మరదలు